బరోక్ కాలపు మత ఉడ్‌కట్: కూర్పు, ప్రతీకలు

17వ శతాబ్దంలోనూ 18వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనూ యూరప్‌లో కొయ్య దిమ్మెల మీద చెక్కి, కాగితం మీద అచ్చువేసిన క్రైస్తవ చిత్రాలను బరోక్ మత ఉడ్‌కట్‌లు అంటారు. అప్పటికి అచ్చుబొమ్మల లోకాన్ని రాగిరేకు ఏలుతోంది. సన్నని గీతలు, మెత్తని నీడలు, నాణ్యమైన పుస్తకాల ముఖపత్రాలు అన్నీ రాగిమీదే తయారయ్యేవి. కొయ్య దిమ్మె పంచాంగాలకూ సంతల్లో అమ్మే పాటల పత్రాలకూ చవకరకం పటాలకూ దిగజారింది. సరిగ్గా ఆ సమయంలో ఆంట్‌వెర్ప్ నగరంలో యూరప్ అంతటా పేరు మోగుతున్న చిత్రకారుడు పీటర్ పాల్ రూబెన్స్ (1577-1640) తన బొమ్మల్లో కొన్నింటిని కొయ్యమీద చెక్కించాలని పూనుకున్నాడు. ఆ పని క్రిస్టోఫెల్ యెగర్ (1596-1652/53) చేతికి వచ్చింది. 1630ల తొలి సగంలో ఇద్దరూ కలిసి తొమ్మిది ఉడ్‌కట్‌లు తెచ్చారు. వాటిలో మతవిషయాలవే బరోక్ ఉడ్‌కట్ అందుకున్న ఎత్తును బాగా చూపిస్తాయి కనుక ఈ వ్యాసం ఎక్కువగా వాటి చుట్టూనే తిరుగుతుంది.

ఈ చిత్రాల్లో ప్రతీక విడిగా నిలబడి తన పేరు తాను చెప్పుకోదు. మధ్యయుగపు పటంలో పునీతురాలి చేతిలో చక్రం ఉంటే ఆమె ఎవరో, ఎలా హతసాక్షి అయిందో ఆ వస్తువే చెబుతుంది. బరోక్ చిత్రంలో వస్తువు జరుగుతున్న కథలో పాల్గొంటుంది. గొఱ్ఱెపిల్లతో పిల్లలు ఆడుకుంటారు, బిడ్డ తల్లి ఒడిలో నిద్రపోతాడు, ముసలివాడు రాయి చూపిస్తాడు. చూసేవాడు ముందు ఆ పనిని చూస్తాడు, అర్థం తరవాత అందుతుంది. చిత్రంలో దేని పక్కన ఏది పెట్టారన్న కూర్పును వదిలేసి ప్రతీకల పట్టిక ఒకటి తయారు చేసుకుంటే ఈ బొమ్మల్లో ఉన్నది సగం కూడా చేతికి రాదు.

కొయ్య, కత్తి, వెలుగు

ఉడ్‌కట్‌కు నున్నగా చిత్రికపట్టిన పలక కావాలి. పియర్ కొయ్యను ఎక్కువగా వాడేవారు. చిత్రకారుడు పలకమీద బొమ్మ గీస్తాడు, లేదా కాగితం మీది బొమ్మను దానిమీదికి ఎక్కిస్తారు. గీత ఉన్నచోట కొయ్యను అలాగే ఉంచి, గీత లేనిచోటల్లా కత్తితో తీసేస్తారు. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కడం చూసినవారికి ఈ సూత్రం వివరించనక్కర్లేదు: ఉబ్బెత్తుగా నిలిచినదే రంగు పట్టుకుంటుంది. రాగిరేకులో దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ఉలి తవ్విన గాడిలో సిరా నిలుస్తుంది, గట్టి ఒత్తిడితో తడికాగితం ఆ గాడిలోకి దిగి సిరాను పీల్చుకుంటుంది.

దీనివల్ల రెండు ముఖ్యమైన తేడాలు వచ్చాయి. మొదటిది వ్యాపారానికి సంబంధించినది. కొయ్య దిమ్మె ఎత్తు సీసపు అక్షరాల ఎత్తుతో సమానంగా ఉంటే రెండింటినీ ఒకే చట్రంలో బిగించి ఒకే ఒత్తులో అచ్చువేయవచ్చు. రాగిరేకుకు వేరే రోలర్ ప్రెస్సు కావాలి, పేజీని రెండుసార్లు అచ్చువేయాలి, ఖర్చు పెరుగుతుంది. అందుకే ప్రార్థన పుస్తకాల్లోని చిన్నచిన్న బొమ్మలకూ, అలంకార అక్షరాలకూ, ఊరూరా అమ్ముడుపోయే భక్తి పత్రాలకూ కొయ్య చాలాకాలం నిలిచింది.

రెండోది చూపుకు సంబంధించినది, ఇదే ఎక్కువ ముఖ్యం. ఉడ్‌కట్‌లో వెలుగును ఎవరూ గీయరు, చెక్కి తీసేస్తారు. చెక్కకుండా వదిలేసిన పలకను అచ్చువేస్తే నల్లటి కాగితం వస్తుంది. కత్తి పడిన చోటల్లా తెల్లదనం పుడుతుంది. ఒక నల్లగీత నిలవాలంటే దానికి రెండువైపులా కత్తి వాలుగా దిగాలి, ఆ రెండు కోతలకూ ఎదురుకోతలు పెట్టి మధ్యలోని కొయ్యను చీలికగా లేపాలి. ఒకదాన్నొకటి అడ్డంగా దాటే గీతలు కావాలంటే వాటి మధ్యనున్న ప్రతి చిన్న వజ్రాకారపు గడినీ నాలుగువైపులా కోసి విడిగా తవ్వాలి. రాగిమీద చెక్కేవాడికి రెండు వరసల గీతలతో అయిపోయే పని కొయ్యమీద వందల గళ్ల పని. యెగర్ నీడల్లో ఈ అడ్డగీతలను చాలాచోట్ల చూస్తాం. రాగిపనిని అనుకరించాలన్న తాపత్రయం వాటిలో కనిపించదు. గీతలు లావుగా, ధైర్యంగా ఉంటాయి. మోకాలి మడత దగ్గర బయలుదేరిన గీత కిందికి దిగేకొద్దీ ఉబ్బి, మళ్లీ సన్నబడి మొనతేలి ఆగిపోతుంది. అలాంటి గీతలు పక్కపక్కనే పదో పదిహేనో సాగితే బట్ట కింద ఒళ్లుంది అన్న సంగతి చూపుకు తెలిసిపోతుంది. రూబెన్స్ కలంపోటు వేగాన్ని కత్తి నెమ్మదితనంతో నిలబెట్టడం యెగర్ సాధించిన ఘనత.

ట్రెంట్ మహాసభ తరవాత

ఈ బొమ్మలు పుట్టిన నేల చరిత్ర తెలియకపోతే వాటి తీవ్రత అర్థం కాదు. 1566లో ఆంట్‌వెర్ప్ చర్చిల్లోకి జనం చొరబడి విగ్రహాలనూ పటాలనూ పగలగొట్టారు. దేవుడి ఇంట్లో బొమ్మలుండటం విగ్రహారాధనే అన్నది కాల్వినిస్టుల వాదన. అంతకు మూడేళ్ల ముందే, 1563 డిసెంబరులో, ట్రెంట్ మహాసభ తన చివరి సమావేశంలో కాథలిక్కుల జవాబు చెప్పింది: బొమ్మకు చేసే గౌరవం బొమ్మలోని మూలమూర్తికి చెందుతుంది, బొమ్మలు చదువురాని జనానికి విశ్వాసం నేర్పుతాయి, అయితే వాటిలో తప్పుడు బోధనా అసభ్యతా ఉండకూడదు. 1585లో స్పెయిన్ సేనలు ఆంట్‌వెర్ప్‌ను తిరిగి పట్టుకున్నాక ఖాళీ గోడలను నింపే పని మొదలైంది. రూబెన్స్ తరం ఆ పనిలోనే ఎదిగింది.

యేసుసభవారు దీనికి మరో పదును పెట్టారు. ఇగ్నేషియస్ లొయోలా రాసిన ఆధ్యాత్మిక సాధనల గ్రంథం 1548లో అచ్చయింది. ధ్యానం మొదలుపెట్టేముందు సంఘటన జరిగిన చోటును మనసులో కట్టుకోమని అది సాధకుడికి చెబుతుంది. దారి ఎంత పొడుగు, గుహ ఎంత ఇరుకు, అక్కడ ఎవరెవరున్నారు, వాళ్లు ఏం చేస్తున్నారు అన్నవన్నీ ఊహించుకోవాలి. ఈ స్థలకల్పనకు బొమ్మ ఊతమిస్తుంది. చేతిలో పట్టుకుని దీపం దగ్గర తీరిగ్గా చూసే అచ్చుబొమ్మ మరీను. బరోక్ ముద్రాచిత్రంలో ఆకృతులు ముందుకు, దాదాపు కాగితం అంచుదాకా జరిగి ఉండటానికి ఇది ఒక కారణమని నా అభిప్రాయం. చూసేవాడు బయట నిలబడి చూడకూడదు, ఆ చోటులోనే ఉండాలి.

ఐగుప్తుకు పారిపోతూ విశ్రాంతి

యెగర్ చెక్కిన మత ఉడ్‌కట్‌లలో ఎక్కువ పేరు పొందింది ఇది. సుమారు 46 సెంటీమీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. పుస్తకంలో పట్టేది కాదు, గోడకు తగిలించుకోవలసిన కొలత. మత్తయి సువార్త రెండో అధ్యాయంలో హేరోదు శిశువును చంపడానికి వెతకబోతున్నాడని దేవదూత యోసేపుకు కలలో చెబుతాడు, కుటుంబం రాత్రికి రాత్రే ఐగుప్తుకు బయలుదేరుతుంది. దారిలో ఆగి విశ్రమించిన సంగతి సువార్తలో లేదు. తరవాతి శతాబ్దాల అప్రామాణిక గ్రంథాలూ జనం చెప్పుకున్న కథలూ దాన్ని కల్పించాయి. చిత్రకారులకు మాత్రం ఈ ఖాళీ వరంలా దొరికింది. పారిపోవడంలోని భయాన్నీ చెట్టునీడలోని శాంతినీ ఒకే చట్రంలో పెట్టే వీలు ఇక్కడే ఉంది.

మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో రూబెన్స్ ఇదే విషయం మీద గీసిన వర్ణచిత్రం ఉంది. అందులో పవిత్ర కుటుంబం చుట్టూ పునీతులూ చేరి ఉంటారు. ఉడ్‌కట్‌కు వచ్చేసరికి ఆ గుంపు లేదు. తల్లి, ఒడిలో నిద్రపోతున్న బిడ్డ, చెట్టు దగ్గర కునుకు తీస్తున్న యోసేపు, గాడిద, గొఱ్ఱెపిల్లతో ఉన్న చిన్న దేవదూతలు, వెనక చెట్లు, అంతే. కొయ్యమీద బొమ్మ మాట్లాడాలంటే మనుషులు తగ్గాలి, ఆకృతులు పెద్దవి కావాలి. రూబెన్స్ తన వర్ణచిత్రానికి నకలు తీయించకుండా కొయ్యకోసం కొత్తగా ఆలోచించాడనడానికి ఇదే ఆధారం. ఈ ఉడ్‌కట్‌కు సంబంధించిన ఆయన గీతచిత్రాలు పోలండ్‌లోని పొజ్నాన్ జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.

బిడ్డ నిద్ర ఈ చిత్రానికి గుండెకాయ. ఆ కాలపు భక్తుడికి తల్లి ఒడిలో కళ్లుమూసుకుని ఉన్న శిశుక్రీస్తు ముప్పై మూడేళ్ల తరవాతి మరో దృశ్యాన్ని గుర్తుచేస్తాడు. శిలువ మీదినుంచి దించిన కొడుకు శవం అదే ఒడిలో ఉంటుంది. పసివాడి ఒళ్లు వదులుగా వాలడం, కింద పరిచిన తెల్లగుడ్డ, వంగి చూస్తున్న తల్లి, ఇవన్నీ రెండు దృశ్యాలకూ ఉమ్మడి. ఇటాలియన్ చిత్రకళలో అప్పటికే నూటయాభై ఏళ్లుగా నడుస్తున్న పోలిక ఇది. రూబెన్స్ దాన్ని ఎక్కడా నొక్కి చెప్పలేదు. ముళ్లకిరీటమో మేకులో పట్టుకున్న దేవదూతను పక్కన నిలబెట్టలేదు. నిద్రను నిద్రగానే ఉంచాడు. మరణం చూసేవాడి జ్ఞాపకంలోంచి రావాలి.

గొఱ్ఱెపిల్ల సంగతీ అంతే. యోహాను సువార్తలో స్నాపక యోహాను యేసును లోకపాపాన్ని మోసే దేవుని గొఱ్ఱెపిల్ల అని పిలిచాడు. దివ్యపూజలో ఆ మాట ప్రతిసారీ వినబడుతుంది. దేవాలయంలో బలయ్యే ఆ జంతువు ఇక్కడ పిల్లల ఆటవస్తువు. బలి పక్కనే ఆట, ఆట పక్కనే నిద్ర. ఈ మూడింటినీ దగ్గరదగ్గరగా కూర్చి, మధ్యలో వివరణ ఏమీ పెట్టకుండా వదిలేయడంలోనే చిత్రం బలం ఉంది.

యోసేపును చాలామంది పట్టించుకోకుండా దాటిపోతారు. మధ్యయుగపు నాటకాల్లో ఆయన్ను అలసిపోయిన ముసలివాడిగా, కొన్నిసార్లు నవ్వులాటగా చూపేవారు. 16వ శతాబ్దం నుంచి కాథలిక్ లోకంలో ఆయన గౌరవం పెరిగింది. అవిలా తెరేసా ఆయన భక్తిని ప్రచారం చేసింది, 1621లో 15వ గ్రెగరీ పోపు మార్చి 19న వచ్చే ఆయన పండుగను సర్వత్రా తప్పనిసరి చేశాడు. సువార్తలో యోసేపు ఒక్క మాటా మాట్లాడడు. దేవుడి ఆజ్ఞలన్నీ ఆయనకు కలలోనే వస్తాయి. పారిపొమ్మన్నదీ కలే, తిరిగి రమ్మన్నదీ కలే. అందువల్ల ఆయన కునుకును అలసట అని మాత్రమే చదవకూడదు. దేవుడి మాట వినే పద్ధతి ఆయనకు అదే. ఒకే చట్రంలో రెండు నిద్రలున్నాయి, మేలుకుని ఉన్న పెద్దమనిషి మరియ ఒక్కతే.

గీతల పని ఈ అర్థానికి తోడు వస్తుంది. చెట్ల బోదెలూ ఆకులూ దట్టమైన, మెలితిరిగిన గీతలతో కదులుతున్నట్టు ఉంటాయి. పసివాడి ఒంటిమీద గీతలు తక్కువ, తెల్లకాగితం ఎక్కువ. కళ్లు తమంతట తామే అక్కడికి వెళతాయి. తలచుట్టూ కాంతివలయాలు గీసి చెప్పవలసినదాన్ని యెగర్ కత్తి, తీసేసిన కొయ్యతో చెప్పింది.

ఈ చిత్రంలాంటిదే మరొకటి, శిశుక్రీస్తూ చిన్నారి యోహానూ గొఱ్ఱెపిల్లతో ఆడుకునే ఉడ్‌కట్. ఇద్దరు బొద్దు పిల్లలు, ఒక జంతువు, చుట్టూ పచ్చిక. పెద్దవాళ్లెవరూ లేరు. తరవాతి కాలంలో గొఱ్ఱెపిల్ల అని పేరు పెట్టబోయేవాడూ, ఆ పేరు మోయబోయేవాడూ, ఆ పేరున్న జంతువూ ఒకరినొకరు తాకుతూ ఉన్నారు. వేదాంత పాఠంలో పేజీలు పట్టే సంగతి ఇక్కడ పసిచేతుల స్పర్శగా మారింది.

పైకప్పు నుంచి చేతిలోకి

1620 మార్చి 29న ఆంట్‌వెర్ప్ యేసుసభ చర్చి పైకప్పుకు 39 చిత్రాలు ఇవ్వడానికి రూబెన్స్ ఒప్పందం మీద సంతకం చేశాడు. చిత్తు నమూనాలు తన చేత్తో వేయాలి, పెద్ద చిత్రాలు వాన్ డైక్ వంటి సహాయకులు పూర్తిచేయవచ్చు. పై వసారాల్లో పాతనిబంధన సంఘటనలూ కొత్తనిబంధన సంఘటనలూ ఒకదాని పక్కన ఒకటి వచ్చేవి. మెల్కీసెదెకు అబ్రాహాముకు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడం పక్కన క్రీస్తు కడరా భోజనం, అగ్నిరథంలో ఏలీయా వెళ్లడం పక్కన క్రీస్తు ఆరోహణం, దావీదు గొల్యాతును కొట్టడం పక్కన సాతాను క్రీస్తును శోధించడం. పాతదానిలో కొత్తదాని నీడ ఉందని చూపే ఈ పద్ధతి క్రైస్తవ చిత్రకళలో చాలా పాతది.

1718 జూలై 18న పిడుగుపడి ఆ పైకప్పు కాలిపోయింది. రూబెన్స్ చిత్తులు కొన్ని, 1711-12లో యాకబ్ డి విట్ తీసిన నకళ్లు, వాటితోపాటు యెగర్ చెక్కిన రెండు ఉడ్‌కట్‌లు, క్రీస్తు శోధన, మరియమాత కిరీటధారణ, ఇప్పుడు ఆ పనికి సాక్ష్యాలు.

పైకప్పు బొమ్మను తలెత్తి చూస్తారు. అందుకని ఆకృతులను కిందినుంచి కనిపించేట్టు కుదించి గీస్తారు. మోకాళ్లు ముందుకొస్తాయి, తలలు వెనక్కి పోతాయి. అదే బొమ్మ చేతిలోని కాగితంగా మారినప్పుడు ఆ కోణం వింత పని చేస్తుంది. కిరీటధారణలో తండ్రిదేవుడూ క్రీస్తూ మరియ తలమీద కిరీటం పెడుతుండగా పైన పావురం రూపంలో పవిత్రాత్మ ఉంటుంది. మనం మాత్రం మేఘాల కిందే ఉండిపోతాం. బల్లమీద పరిచిన కాగితం కూడా చూసేవాడిని నేలమీద నిలబెడుతుంది. శోధన చిత్రంలో సాతాను గడ్డం పెరిగిన ముసలివాడిగా వచ్చి, వీటిని రొట్టెలుగా మార్చుకో అని రాళ్లు చాపుతాడు. నలభై దినాలు ఉపవాసమున్నవాడికి అది దయలా కనిపించే మాట. దుర్మార్గాన్ని భయంకరంగా చూపడం తేలిక, ఆదరణ రూపంలో చూపడం కష్టం. ఆ రెండోది చేయగలిగినందుకే ఈ ఉడ్‌కట్ నాకు ఎక్కువ విలువైనదిగా అనిపిస్తుంది.

రూబెన్స్ యెగర్ పనిని దగ్గరుండి సరిదిద్దేవాడు. ప్రయోగ ప్రతుల మీద కుంచెతో తెలుపూ నలుపూ పూసి ఎక్కడ వెలుగు పెంచాలో, ఎక్కడ గీత సన్నబడాలో చూపించేవాడు. అలా దిద్దిన ప్రతులు పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి.

రెండో దిమ్మె

యెగర్ కొన్ని చిత్రాలకు గీతల దిమ్మెతోపాటు ఒక రంగు దిమ్మె కూడా వాడాడు. ముందు లేతరంగు పడుతుంది, దానిమీద నల్లగీతలు పడతాయి. రంగు దిమ్మెలో కూడా కొన్నిచోట్ల కొయ్య తీసేస్తే అక్కడ తెల్లకాగితమే మెరుపుగా మిగులుతుంది. నీడవెలుగుల ఉడ్‌కట్ అనే ఈ పద్ధతి జర్మనీలో 1510కి కాస్త అటూ ఇటూగా క్రానాక్, బుర్గ్‌మైర్ చేతుల్లో రూపుదిద్దుకుంది. 1516లో ఊగో దా కార్పి వెనిస్ సెనేటును దీనికి హక్కులు కోరాడు. విశ్రాంతి చిత్రపు రంగు ప్రతులను నలుపు ప్రతుల పక్కన పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. నలుపు ప్రతిలో గీత వినిపిస్తుంది, రంగు ప్రతిలో సాయంత్రపు గాలి వస్తుంది.

ఇటలీలో బొలోన్యా నగరపు బార్తొలొమెయో కొరియొలానో ఇదే పద్ధతిలో గ్విదో రేని బొమ్మలను చెక్కాడు. 8వ అర్బన్ పోపు ఆయనకు లొరేతో నైట్ బిరుదు ఇచ్చాడు, ఆ తరవాత ఆయన తన పేరు పక్కన ఆ బిరుదును చెక్కుకున్నాడు. రేని కూర్పులు ప్రశాంతమైనవి, కొరియొలానో గీతలూ అలాగే పొదుపుగా ఉంటాయి. రూబెన్స్, యెగర్‌ల ఉరవడి కోసం ఇక్కడ వెతకకూడదు.

దూరదేశాల్లో

కీవ్ గుహామఠంలో ఇలియా అనే సన్యాసి చెక్కిన ఉడ్‌కట్‌లతో 1661లో పాతెరికాన్, అంటే మఠపు పునీతుల చరిత్ర అచ్చయింది. పశ్చిమపు బరోక్ అలంకారాలూ తూర్పు ఐకాన్ల నిలువుతనమూ అందులో కలిసి ఉంటాయి. రష్యాలో 1692-96 మధ్య వసిలీ కోరెన్ అనే చెక్కుడువాడు 36 పెద్ద ఉడ్‌కట్‌లతో ఆదికాండాన్నీ ప్రకటన గ్రంథాన్నీ బొమ్మల బైబిలుగా తెచ్చాడు. రంగులు చేత్తో పూసిన ఒకే ఒక ప్రతి అక్కడ మిగిలింది. డచ్చివారి పిస్కాతోర్ బైబిలు రాగిబొమ్మలు అప్పట్లో ఆ ప్రాంతాల చిత్రకారులందరి చేతుల్లోనూ ఉండేవి. కోరెన్ వాటి సున్నితపు నీడలను పక్కనబెట్టి, లావు గీతకూ చదునైన రంగుకూ మళ్లాడు. దీన్ని కొందరు మొరటుతనం అంటారు. కోరెన్ ఎంపిక అని నేనంటాను.

చైనాలో మరో మలుపు. ఆంట్‌వెర్ప్‌లో 1593లో అచ్చయిన జెరోనిమో నదాల్ సువార్త బొమ్మలు రాగిరేకు పని. జూలియో అలేని అనే యేసుసభ గురువు వాటిని ఆధారం చేసుకుని 1637లో ఫూజియన్‌లో చైనా చెక్కుడువారి చేత ఉడ్‌కట్ పుస్తకం వేయించాడు. చివరి బొమ్మ అయిన మరియ కిరీటధారణలో కింద మొక్కుతున్నవారిలో చైనా మనుషులూ ఉన్నారు. చిత్రం ఎక్కడికి వెళితే అక్కడి జనాన్ని తన చోటులోకి పిలుచుకున్నట్టయింది.

పల్లెల్లో మాత్రం ఉడ్‌కట్ ఈ చర్చలేవీ ఎరగకుండానే బతికింది. కటలోనియాలో గోయిగ్స్ అనే స్తుతిపాటల పత్రాల మీద పైన ఊరి పునీతుడి బొమ్మ, దానికి రెండువైపులా పూలకుండీలు, కింద నిలువు వరసల్లో పాట ఉండేవి. పండుగనాడు కొని, ఇంటి తలుపుకు అంటించుకునేవారు.

ప్రతులు గుర్తించడం

రూబెన్స్ బతికున్నప్పటి ప్రతుల్లో ఆయనే గీసినట్టూ ఆయనే ప్రచురించినట్టూ లాటిన్‌లో రాసి ఉంటుంది, చెక్కినవాడిగా యెగర్ పేరు ఉంటుంది. 1640లో రూబెన్స్ చనిపోయాక యెగర్ దిమ్మెలను సంపాదించి, ప్రచురణ వాక్యం మార్చి తన పేరుతో మళ్లీ అచ్చువేశాడు. తరవాతి ప్రతుల్లో గీతల అంచులు అరిగి ఉంటాయి, దిమ్మె అంచున చిట్లిన చోట్ల గీత తెగుతుంది, పురుగు తొలిచిన చోట తెల్లచుక్క పడుతుంది. యెగర్ 1625 నుంచి బొమ్మలు చెక్కిన ప్లాంటిన్-మొరెటస్ ముద్రణాలయం ఇప్పుడు ఆంట్‌వెర్ప్‌లో మ్యూజియం. అప్పట్లో దాన్ని నడిపిన బల్తసార్ మొరెటస్ రూబెన్స్‌కు చిన్ననాటి స్నేహితుడు. దాదాపు 14,000 కొయ్య దిమ్మెలు అక్కడ భద్రంగా ఉన్నాయి. యెగర్ కొడుకు యాన్ క్రిస్టోఫెల్ కూడా తండ్రి బాటలోనే కొయ్య చెక్కి జీవించాడు.